చార్ల్స్‌టన్‌లో ఒక్క రోజు: ఏ పాత ఇల్లు చూడాలి, ఏది వదిలేయాలి

సౌత్ కరోలినా తీరంలోని చార్ల్స్‌టన్‌కు షార్లెట్ నుంచి దాదాపు 200 మైళ్ళు, అంటే కారులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. అట్లాంటా నుంచైతే దాదాపు 300 మైళ్ళు, ఐదు గంటలు. ఈ రెండు ఊళ్ళలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి కాబట్టి, సోమవారం సెలవు కలిసొచ్చినా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా చార్ల్స్‌టన్ పేరు చర్చకు వస్తూనే ఉంటుంది. వెళ్ళినవారిలో చాలామంది ఈస్ట్ బే వీధిలో రంగురంగుల ఇళ్ళ వరుస ముందు ఫొటో దిగి, గుర్రపు బండిలో ఒక చుట్టు తిరిగి వచ్చేస్తారు. రెయిన్‌బో రో అని పిలిచే ఆ పదమూడు ఇళ్ళూ సొంతదారులు కాపురముంటున్నవి. వాటి లోపలికి మనకు ప్రవేశం లేదు. లోపలికి వెళ్ళి చూడగలిగిన చారిత్రక గృహాలు వేరే ఉన్నాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకే రోజున నాలుగు ఇళ్ళకు టికెట్లు కొన్నాము. మూడో ఇంటికి చేరేసరికి ఏ షాండ్లియర్ ఏ ఇంట్లో చూశామో కలగాపులగమైపోయింది. నాలుగో ఇంటికి చివరి ప్రవేశ సమయం దాటిపోయి ఆ టికెట్టు వృథా అయింది. కాబట్టి ఒక రోజుకు రెండు ఇళ్ళు చాలు, మూడు దాటితే దండగ అన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఆ రెండిటినీ ఎంచుకోవడానికి నేను వాడే కొలబద్ద కూడా ఒకటే: ఆ ఇల్లు మనకు పెరటిని చూపిస్తుందా, లేదా? చార్ల్స్‌టన్ మేడలన్నీ వరి, నీలిమందు, పత్తి, బానిస వ్యాపారాల డబ్బుతో లేచినవే. ముందు గదుల్లో విందులు జరుగుతున్నప్పుడు వంట చేసినవారు, బట్టలు ఉతికినవారు, గుర్రాలను చూసుకున్నవారు అందరూ వెనుక ఆవరణలో బానిసలుగా బతికారు. ముందు గదులు మాత్రమే చూసి వస్తే ఇంట్లో సగమే చూసినట్లు లెక్క.

టికెట్టు కొనే ముందు ఒక గంట ఊరికే వీధులు తిరగడం మంచిది, ఎందుకంటే ఈ ఊరి ఇంటి తీరు అర్థమయ్యేది వీధిలోనే. ఇక్కడ సింగిల్ హౌస్ అనే పద్ధతి ఉంది. ఒక గది వెడల్పు మాత్రమే ఉండే ఇల్లు తన కురచ వైపును వీధికి పెట్టి పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. పొడవు వైపున, దక్షిణానికో పడమరకో తెరుచుకున్న పొడుగాటి వసారా ఉంటుంది, దానిని అక్కడివారు పియాజా అంటారు. వీధిలోంచి కనిపించే తలుపు తీస్తే మనం ఇంట్లోకి కాక ఆ వసారాలోకి అడుగు పెడతాము. గోదావరి జిల్లాల మండువా లోగిలి గాలినీ వెలుతురునూ ఇంటి నడుమకు దింపుకుంటుంది. చార్ల్స్‌టన్ ఇల్లు అదే పనికోసం పక్కకు తిరిగి సముద్రపు గాలిని పట్టుకుంటుంది. ఉక్కపోత ఉన్న ఊళ్ళలో మేస్త్రీల ఆలోచన ఎక్కడైనా ఒకే దారిలో నడుస్తుంది కాబోలు. గోడల మీద అక్కడక్కడా గుండ్రని ఇనుప బిళ్ళలు కనిపిస్తే వాటిని అలంకారం అనుకోవద్దు. 1886 ఆగస్టు 31న వచ్చిన పెద్ద భూకంపం తరువాత, గోడలు విడిపోకుండా ఇంటికి అడ్డంగా దూర్చి బిగించిన ఇనుప కడ్డీల కొసలు అవి. ఇదంతా చూడడానికి రూపాయి ఖర్చు లేదు, డాలరూ లేదు.

ఇక ఇళ్ళ లోపలికి వద్దాము. నా మొదటి ఎంపిక ఒక జంట: మీటింగ్ స్ట్రీట్ 51వ నంబరులోని నథానియల్ రసెల్ హౌస్, ఎలిజబెత్ స్ట్రీట్ 48వ నంబరులోని ఐకెన్-రెట్ హౌస్. రెండింటినీ నిర్వహించేది హిస్టారిక్ చార్ల్స్‌టన్ ఫౌండేషన్ అనే ఒకే సంస్థ. రెండింటికీ కలిపి ఒకే టికెట్టు దొరుకుతుంది, విడివిడిగా కొనడం కన్నా అది చవక. అయితే నేను ఈ జంటను చెప్పడానికి కారణం డబ్బు కాదు. ఒకే సంస్థ ఒక ఇంటిని కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి నిలబెట్టింది, రెండోదాన్ని చేతికి వచ్చిన స్థితిలోనే, ముడతలతో సహా ఉంచేసింది. పాత ఇంటిని కాపాడడమంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఇవి రెండు వేర్వేరు జవాబులు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడే రెండూ అర్థమవుతాయి.

రసెల్ హౌస్ 1808లో పూర్తయింది. రోడ్ ఐలండ్ నుంచి వచ్చి చార్ల్స్‌టన్‌లో వ్యాపారిగా స్థిరపడిన నథానియల్ రసెల్ డెబ్భై ఏళ్ళ వయసులో ఈ ఇంట్లో గృహప్రవేశం చేశాడు. ఆయన సంపాదనలో బానిస వ్యాపారపు పాలు కూడా ఉంది. వీధి వైపు ఇనుప బాల్కనీలో ఆయన పేరులోని మొదటి అక్షరాలను అల్లించుకున్నాడు, తల ఎత్తి చూస్తే కనిపిస్తాయి. ఈ ఇంటికి పేరు తెచ్చింది మాత్రం మెట్ల వరుస. మూడు అంతస్తుల ఎత్తున మెలికలు తిరుగుతూ పైకి లేచే ఆ మెట్లు గోడను ఆనుకోవు. కింద నిలబడి పైకి చూస్తే నిలువుగా చీల్చిన శంఖం లోపలి భాగంలా ఉంటుంది. ఒక్కొక్క మెట్టు తన బరువును కింది మెట్టుకు అప్పగిస్తూ పోవడమే అందులోని కిటుకు. కోలగా, గుడ్డు ఆకారంలో కట్టిన గదులు కూడా ఇక్కడి ప్రత్యేకత. మూలలు లేని గదిలో మాట ఎలా వినిపిస్తుందో గమనించండి. గదుల రంగులు, గోడ కాగితాలు, పూత పని అన్నీ 1808 నాటి స్థితికి దగ్గరగా, పాత పొరలను పరీక్షించి తిరిగి తెచ్చినవి. చూపించే పద్ధతి గైడు వెంట నడవడం. కాబట్టి గైడు బాగుంటే పర్యటన బాగుంటుంది, లేకపోతే తివాచీల వర్ణనతోనే సమయం గడిచిపోతుంది. వెనుక వంటశాల భాగంలో ఇటీవల తవ్వకాలు, గోడల పరిశీలన జరిగి, అక్కడ పని చేసిన బానిసల జీవితం గురించి కొత్త ఆధారాలు బయటపడ్డాయి. గైడు తనంతట తాను ఆ ప్రస్తావన తీసుకురాకపోతే మీరే అడగండి, అడిగితే తప్పకుండా చెబుతారు.

ఐకెన్-రెట్ హౌస్ స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1820 ప్రాంతంలో జాన్ రాబిన్సన్ అనే వర్తకుడు కట్టించిన ఈ ఇల్లు, అతని వ్యాపారం దెబ్బతిన్నాక ఐకెన్ కుటుంబం చేతికి వచ్చింది. 1844 నుంచి 1846 వరకు సౌత్ కరోలినా గవర్నరుగా ఉన్న విలియం ఐకెన్ దీన్ని పెంచి, ఐరోపా నుంచి షాండ్లియర్లు, శిల్పాలు, చిత్రాలు తెప్పించి నింపాడు. జహోసీ దీవిలో ఆయనకు ఉన్న వరి ప్లాంటేషన్‌లో వందల మంది బానిసలు పనిచేసేవారు. ఆ రాష్ట్రపు అతిపెద్ద బానిస యజమానుల్లో ఆయన ఒకడు. తరువాతి తరాలు ఒక్కొక్క గదినే మూసివేస్తూ, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేస్తూ, 1975 దాకా ఇల్లు తమ కుటుంబంలోనే ఉంచుకున్నాయి. 1995లో ఫౌండేషన్ కొన్న తరువాత కూడా రంగులు వేయలేదు, పగుళ్ళు పూడ్చలేదు. ఇల్లు ఇంకా చెడకుండా చూడడం వరకే తమ పని అని నిర్ణయించుకుంది.

అందుకే లోపలికి అడుగు పెట్టగానే కొందరికి నిరాశ కలుగుతుంది. గోడ కాగితం రేకులు రేకులుగా ఊడి వేలాడుతుంటుంది. సున్నం రాలిన చోట లోపలి చెక్క బద్దలు పక్కటెముకల్లా కనిపిస్తాయి. పై నుంచి వేలాడే ఖరీదైన షాండ్లియర్ కింద కుర్చీ కూడా ఉండదు. మా నాన్నగారు "దీనికి టికెట్టు కూడానా" అన్నారు. అదే నాన్నగారు వెనుక ఆవరణలోకి వెళ్ళాక అరగంట సేపు బయటికి రాలేదు. ఎత్తైన ఇటుక గోడల మధ్య ఒక పక్క వంటశాల, చాకిరేవు గది, ఎదురుగా గుర్రపుశాల, బండ్ల కొట్టం. వాటి పైన బానిసల గదులు. ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే పొడవాటి నడవ వెంట వరుసగా చిన్న గదులు. గోడల మీద అప్పటి రంగు ఛాయలు ఇంకా మిగిలి ఉన్నాయి. కొన్ని గదుల్లో పొయ్యి ఉంది. కింద వంటశాల వేడి, పైన ఆగస్టు ఎండ. ఆ గదిలో రెండు నిమిషాలు నిలబడితే చాలు, ముందు మేడలో చూసిన ఎత్తైన కిటికీల లెక్క వేరేగా అర్థమవుతుంది. ఊళ్ళో ఉన్న ఇళ్ళలో వెనుక ఆవరణ ఇంత పూర్తిగా మిగిలినది నేను మరొకటి చూడలేదు.

ఇక్కడ గైడు ఉండరు, చెవిలో ఆడియో పెట్టుకుని మన తీరికను బట్టి తిరగవచ్చు. పిల్లలు ఉన్నవారికీ, ఒక చోట ఎక్కువసేపు ఆగాలనుకునేవారికీ ఇది గొప్ప వెసులుబాటు. ఇంగ్లీషు యాస పట్టుకోవడం కష్టమైన పెద్దవారికి ఆడియోను ఆపి ఆపి తెలుగులో చెప్పుకోవచ్చు. గైడు గుంపులో అలా గుసగుసలాడితే పక్కవారు వెనక్కి తిరిగి చూస్తారు.

ఈ జంట నచ్చనివారికి రెండో జంట చార్ల్స్‌టన్ మ్యూజియం నిర్వహించే రెండు ఇళ్ళు. 1773లో మొదలైన ఆ మ్యూజియంకూ ఈ ఇళ్ళకూ కలిపి కూడా టికెట్లు ఉంటాయి. చర్చ్ స్ట్రీట్‌లోని హేవార్డ్-వాషింగ్టన్ హౌస్ 1772 నాటిది, అంటే అమెరికా అనే దేశం కన్నా నాలుగేళ్ళు పెద్దది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన థామస్ హేవార్డ్ జూనియర్ ఇల్లు ఇది. 1791 మేలో అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ దక్షిణ రాష్ట్రాల పర్యటనకు వచ్చినప్పుడు నగరం వారు ఆయన విడిదికి దీనిని అద్దెకు తీసుకున్నారు. తరువాతి రోజుల్లో కింది భాగాన్ని కొట్టించి బేకరీ పెట్టారు. 1929లో మ్యూజియం కొని మళ్ళీ పాత రూపానికి తెచ్చింది. చెక్క పని మీద మక్కువ ఉన్నవారు మాత్రం మిగతావన్నీ వదిలి ఇక్కడికే రావాలి. చార్ల్స్‌టన్‌లోనే తయారైన పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీలు, బల్లలు, అల్మారాలు ఉన్నాయి. వాటిలో హోమ్స్ బుక్‌కేస్ అనే పొడవాటి పుస్తకాల బీరువా ముందు వడ్రంగులైతే కాళ్ళు కదపలేరు. వెనుక 1740ల నాటి వంటశాల కట్టడం నిలిచి ఉంది కాబట్టి నా కొలబద్దకు ఇది సరిపోతుంది.

అదే మ్యూజియం చేతిలోని జోసెఫ్ మానిగాల్ట్ హౌస్, 1803 నాటిది, నాకు అందంగానే తోచింది, తృప్తిని మాత్రం ఇవ్వలేదు. వృత్తిరీత్యా వాస్తుశిల్పి కాకపోయినా ఇళ్ళ నమూనాలు గీయడంలో నేర్పరి అయిన గేబ్రియల్ మానిగాల్ట్ తన తమ్ముడి కోసం గీసిన ఇల్లు ఇది. వంపు తిరిగిన మెట్లు, తోటలో చిన్న గుడిలాంటి ద్వార మండపం బాగుంటాయి. ఒకప్పుడు ఇల్లు కూల్చివేతకు సిద్ధమైతే దాన్ని కాపాడడానికే 1920లో కొందరు సంఘంగా ఏర్పడ్డారు, తోటలో పెట్రోలు బంకు కూడా వెలిసింది అంటే ఇప్పుడు నమ్మడం కష్టం. కానీ వెనుక కట్టడాలు ఏవీ మిగలలేదు; వంటశాల ఇక్కడ, గుర్రపుశాల అక్కడ అని తోటలో పెట్టిన బోర్డులు చదువుకోవాలి. ఐకెన్-రెట్ హౌస్ నుంచి నడిచి వెళ్ళేంత దగ్గరలోనే ఉంది కాబట్టి సమయం మిగిలితే చూడండి, దీని కోసమే ప్రత్యేకంగా రానవసరం లేదు.

సముద్రానికి ఎదురుగా ఈస్ట్ బ్యాటరీలో ఉన్న ఎడ్మండ్‌స్టన్-ఆల్స్‌టన్ హౌస్ మరో రకం. 1825లో కట్టిన నౌకా వర్తకుడు 1837 నాటి ఆర్థిక సంక్షోభంలో నష్టపోయి దీన్ని ఆల్స్‌టన్ కుటుంబానికి అమ్మేశాడు. 1861 ఏప్రిల్ 12న రేవులోని సమ్‌టర్ కోట మీద ఫిరంగులు పేలి అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు దక్షిణాది సేనల జనరల్ బోరెగార్డ్ ఈ ఇంటి పియాజా మీద నిలబడి చూశాడు. అంతర్యుద్ధపు చరిత్ర చదివినవారికి ఆ పియాజా మీద నిలబడడమే టికెట్టు ధరకు సరిపోతుంది. తక్కినవారికి ఎదుటి గట్టు మీద నుంచి కనిపించే సముద్రం అదే, దానికి టికెట్టు లేదు.

ఊరు దాటి యాష్లీ నది వైపు వెళ్ళాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం. వెళితే ఆ రోజు నగరంలోని ఇళ్ళలో ఒకదాన్ని వదులుకోవాలి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. వెళ్ళేటట్లయితే డ్రేటన్ హాల్‌కే వెళ్ళండి. పద్దెనిమిదో శతాబ్దపు తొలి సగంలో కట్టిన ఈ ఇటుక మేడలో ఇప్పటికీ కరెంటు లేదు, కుళాయి లేదు, సామాను లేదు. ఏడు తరాలు ఒకే కుటుంబం చేతిలో ఉండి 1974లో చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు వచ్చింది. ఒక తలుపు చట్రం మీద ఆ ఇంటి పిల్లల ఎత్తు కొలిచి గీసిన గీతలు, పక్కన పేర్లు ఉన్నాయి. మన ఇళ్ళలో ద్వారబంధం మీద పెన్సిలుతో గీసుకున్నట్టే. ఖాళీ గదుల్లో ఇంటి కొలతలు, కప్పు మీది పూత పని కంటికి నేరుగా తగులుతాయి. అదే నది వైపున ఉన్న మిడిల్‌టన్ ప్లేస్‌లో మాత్రం పెద్ద ఇల్లు 1865లో కాలిపోయింది, పక్క భవనం ఒక్కటే మిగిలింది. మెట్లు మెట్లుగా దిగే దాని తోటలు అద్భుతం, కానీ అది తోట చూసే ప్రయాణం, ఇల్లు చూసే ప్రయాణం కాదు.

ఊరి బయట ఉన్న బూన్ హాల్ అనే ప్లాంటేషన్ గురించి ఒక హెచ్చరిక అవసరం. 1743లో నాటిన ఓక్ చెట్ల బాట ఫొటోలు చూసి అందరూ అక్కడికి పరుగెత్తుతారు. ఆ బాట చివర ఉన్న తెల్ల స్తంభాల ఇల్లు 1936లో కట్టినది. అక్కడ నిజంగా పాతవి తొమ్మిది ఇటుక గుడిసెలు, బానిసలు కాపురమున్నవి. ఆ ప్లాంటేషన్ ఇటుకల బట్టీలకు పేరున్నది. పాత ఇటుకల్లో అక్కడక్కడా పచ్చి మట్టి మీద పడిన వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. మా అమ్మాయి తన వేలు ఒక గుర్తులో పెట్టి చూసింది, సరిగ్గా సరిపోయింది. ఆ ఇటుక ఎత్తిన చేయి పెద్దవారిది కాదు. బూన్ హాల్ వెళితే ఆ గుడిసెల కోసం వెళ్ళండి, మేడ కోసం కాదు.

వెంట వచ్చేవారిని బట్టి కూడా ఎంపిక మారుతుంది. వీధి దుమ్ముకు పైన, గాలి తగిలేలా, ముఖ్యమైన గదులను మేడ మీదే కట్టడం ఆ నాటి పద్ధతి; కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేవారు మెట్ల సంగతి ముందే ఫోను చేసి కనుక్కోవాలి, పాత ఇళ్ళన్నిటిలో లిఫ్టు ఉంటుందని అనుకోవద్దు. పదేళ్ళ లోపు పిల్లలకు గైడు పర్యటనలు శిక్షే. ఐకెన్-రెట్ హౌస్, డ్రేటన్ హాల్ లాంటి ఖాళీ ఇళ్ళలో ముట్టుకోవద్దని అదిలించవలసిన వస్తువులు తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్ళగలిగినవారికి ఇంకో అవకాశం ఉంది: 1947 నుంచి వసంతకాలంలో, మామూలుగా తలుపులు తెరవని కొన్ని సొంత ఇళ్ళను కొద్ది రోజుల పాటు సందర్శకులకు చూపిస్తున్నారు. టికెట్టు ఖరీదు ఎక్కువే, చాలా ముందుగా అమ్ముడుపోతాయి; కానీ మనుషులు కాపురముంటున్న పాత ఇంటికీ, తాడు కట్టి ఉంచిన పాత ఇంటికీ ఉన్న తేడా అక్కడే తెలుస్తుంది. నా మటుకు మొదటిసారి వెళ్ళేవారు ఆ ఖర్చు పెట్టనవసరం లేదు.

అట్లాంటా నుంచి బయలుదేరేవారు చార్ల్స్‌టన్‌కు బదులు జార్జియాలోని సవానాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. దూరం ఒక గంట తగ్గుతుంది. విలియం జే నమూనా గీయగా 1819లో పూర్తయిన ఓవెన్స్-థామస్ హౌస్ అక్కడ తప్పక చూడవలసినది. ఫ్రెంచి సేనాని లఫాయెట్ 1825లో ఇక్కడ బస చేశాడు. అంత పాత ఇంట్లో గొట్టాల ద్వారా నీళ్ళు వచ్చే ఏర్పాటు ఉండడం ఒక వింతైతే, పెరట్లోని బానిసల గదులను ఇంటి పేరులోనే చేర్చి చూపించడం మరో మంచి పని. ఆ గదుల కప్పుకు పూసిన నీలి రంగు ఇంకా ఉంది. దుష్టశక్తులు రాకుండా నీలం పూయడం ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వారసులైన ఆ తీరపు గల్లా-గీచీ ప్రజల నమ్మకం. సవానాలో చెట్ల నీడ కమ్మిన చౌకులు నడకకు హాయి. ఇళ్ళ సంఖ్యలో, వైవిధ్యంలో మాత్రం చార్ల్స్‌టన్‌దే పైచేయి. ఒకే రోజులో రెండూ చూద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. వాటి మధ్యే రెండు గంటల దూరం ఉంది.

నేను సూచించే జంటనే ఎంచుకున్నారనుకుంటే, షార్లెట్ నుంచి ఉదయం ఆరున్నరకు బయలుదేరి, ఊరికి ఉత్తరాన విజిటర్ సెంటర్ దగ్గరి గ్యారేజీలో కారు పెట్టేయండి. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే ముందుగా నడిచి ఐకెన్-రెట్ హౌస్‌కు వెళ్ళండి, అక్కడ ఏసీ లేదు, మధ్యాహ్నమైతే పై గదుల్లో నిలవలేరు. చలికాలమైతే రసెల్ హౌస్‌తో మొదలుపెట్టి ఐకెన్-రెట్‌ను చివరికి ఉంచుకోవడమే మంచిది, ముస్తాబైన ఇల్లు చూశాక ఆ పెరటి గదులు మరింత గట్టిగా తగులుతాయి. రెండింటికీ మధ్య దూరం మైలున్నర లోపే. నడవలేనివారికి డ్యాష్ అనే ఉచిత బస్సు ఉంది. బయలుదేరే ముందు వాతావరణంతో పాటు సముద్రపు పోటు సమయాలు కూడా చూసుకోండి. పోటు, వాన కలిసి వచ్చిన రోజున పల్లపు వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళలో కారు దింపితే ఇళ్ళ సంగతి అటుంచి ఇంటికి చేరడమే కష్టమవుతుంది.